పరశురాములు చంకల పారాచూట్

అన్యాయం జరిగింది వందనకు. జరిగిన దినం 2025 ఆగస్టు 9, శనివారం, రాఖీ పున్నం. చేసినోడు పరశురాములు. చేతికి అందిచ్చింది కన్నతల్లి బుచ్చవ్వ. ఈ నాలుగు ముక్కలు ముందుగాల తెలిసి ఉండాలె. ఎందుకంటే ఇంకాసేపైతే పరశురాములు నోరు తెరుస్తడు. అది తెరిచినంక ఏది అసలు, ఏది కొసరు అన్నది సిరిసిల్ల మొత్తంల ఒక్కలకు గుర్తుండది.

బుచ్చవ్వకు తోడబుట్టినోళ్లు లేరు. పెనిమిటి పోయి ఆరేండ్లు. ఆయన పోయినంక నాలుగు సాంచెలు ఆమెనే నడుపుతున్నది. మరమగ్గాలను ఆ వాడకట్టుల సాంచెలనే అంటరు. "ఆడిది సాంచె తోలుడేంది" అని నవ్విన మొగోళ్లు ఇయ్యాల పోగు తెగినా, గుడ్డల మచ్చ పడ్డా ఆమె గుమ్మం ముందరనే నిలవడుతరు. చెయ్యి పెట్టి చూసి ఏ సాంచెది, ఎవలు నేసిండ్రు, ఎక్కడ కునికిండ్రు అన్నది చెప్పగలుగుతది. గుడ్డ దగ్గర ఆమెను మోసం చేసినోడు ఇంకా పుట్టలే. మాట దగ్గర మాత్రం మోసపోయింది.

రాఖీ కట్టెతందుకు ఒక చెయ్యి కావాలె గదా. ఎదురింటి పరశురాములు చెయ్యి ఖాళీగనే ఉంటది, కొలువు ఇడిసి ఊరికొచ్చిన సంది పని పట్టింది లేదు. ప్రతి యేడు దానికే కడుతది. ప్రతి యేడు ఆయన ఒక చీర పెడుతడు. ఈయేడు పెట్టలే.

"అక్కా, చీర ఏడాదికి చినుగుతది. నీ బిడ్డను నేవీల పైలెట్ చేస్త. గదే నా కట్నం. కాయితాలు ఇయ్యి. రెండు దినాలల్ల బెంగుళూరుల కురియన్ సాబ్ టేబుల్ మీద ఉంటయి."

కురియన్ సాబ్ అంటే నేవీల పైలెట్. రేపో మాపో రాకెట్ల అంతరిక్షానికి పోయేటందుకు ఎంపికైనోడు. పరశురాములు ఇరవై రెండేండ్లు కొచ్చిన్ల నేవీల ఉండి వచ్చినోడు. గాడ ఏం చేసినవంటే "ట్రైనింగు" అంటడు. ఇచ్చిండా, తీసుకున్నడా అని అడిగిన మనిషి లేడు.

బుచ్చవ్వ ట్రంకుపెట్టె తీసింది. నీలం కవరుల పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, ఇంజనీరింగు మెమోలు, అన్నీ అసలువి. తీసి చేతుల పెట్టింది. అప్పుడు వందన కరీంనగర్ హాస్టల్ల ఉన్నది. పిల్లకు ఒక మాట చెప్తే అయిపోవు. పైలెట్ అయినంక చెప్తం, నవ్వుతది అనుకున్నది.

వందన గణపతి పండుగకని ఇంటికొచ్చి, ఆదివారం పొద్దుగాల నేవీ పైలెట్ కొలువుకు తనే దరఖాస్తు పెడుదమని పెట్టె తెరిచింది. జిరాక్సులు ఉన్నయి. అసలువే స్కాన్ చేసి పెట్టాలంటున్నరు. గడువు తెల్లారి సోమవారం, సాయంత్రం ఆరింటి దాక. తల్లి దిక్కు ఒక్కసారి చూసింది. పెట్టె మూసింది. అరిచి ఉంటె బుచ్చవ్వకు ఎంతో కొంత నయముండు.

ఆదివారం అంతా పరశురాములు ఇంటికి తాళం. సోమవారం పొద్దుగాల పెండ్లాం తలుపు తీసి "ఎములాడ రాజన్న గుడికి పోయిండు" అన్నది. మూడింటికి కరెంటు పోయింది. సాంచెల చప్పుడు ఆగితే ఆ వాడకట్టుకు చెవులు గుయ్యిమంటయి, మొగోళ్లంత చాయ్ దుకాణం మీద పడుతరు. బుచ్చవ్వ బిడ్డను ఎంటేసుకొని పోయేసరికి, ఎములాడకు పోయినోడు రాంచందర్ చాయ్ దుకాణం బల్ల మీద కాలు మీద కాలేసుకొని కూసున్నడు. ఒక చేతుల గ్లాసు, ఒక చేతుల పేపరు, చంకల ఎప్పుడూ ఉండే నారింజ రంగు గుడ్డమూట.

ఆ మూట సంగతి అందరికి ఎరికే. పారాచూట్ గుడ్డ అంటడు. పోయిన దసరా సంది చంకల్నే ఉంటది. స్నానానికి పోయినా గోడ మీద కనపడేటట్టే పెడుతడట.

దుకాణం పక్కనే గణపతి మంటపం. చుట్టూ కట్టిన నారింజ రంగు పరదా బుచ్చవ్వ ఇచ్చిందే, పోయినేడు. మూడో నంబరు సాంచెల, పోగులను దువ్వెన లెక్క వరుసగ నిలిపే పన్నెల ఒక పుల్ల వంగి, గుడ్డ పొడుగునా సన్నని గీత పడ్డది. గుడ్డ కొనే సేటు తాను తాను మొత్తం వాపస్ కొట్టిండు. పారేయలేక రంగు అద్దిచ్చి దేవునికి ఇచ్చింది. నిమజ్జనం అయినంక విప్పి చూస్తే వెనుక పరదాల మూరెడు ముక్క లేదు. కమిటీల పెద్దమనిషి పరశురాములే గదా, బొక్క దిక్కు దండం పెట్టి తీర్పు చెప్పిండు. "ఇది స్వామి ఎలుక కొరికింది. శుభం." ఈయేడు ఆ బొక్క మీద క్యాలెండరు కాయితం అతికిచ్చి అదే పరదా కట్టిండ్రు.

"పరశురాములూ, కాయితాలేవి?" అన్నది బుచ్చవ్వ. నమస్కారం లేదు, పాడు లేదు.

"రా అక్కా, కూసో. సరిగ్గ టయానికొచ్చినవ్. గీ పేపరు చూసినవా? కురియన్ సాబ్ ఏమన్నడో చదువు బిడ్డా, నీ నోటితో చదువు."

వందన పేపరు అందుకోలే. పేపరు నెత్తి మీది పెద్దక్షరాలు దూరం నుంచే కనపడుతున్నయి. 'నౌకాదళంలో తొలినాళ్ల శిక్షణే నన్ను అంతరిక్షానికి సిద్ధం చేసింది.'

"తొలినాళ్లు!" పరశురాములు పేపరు మీద చప్పున కొట్టిండు. "తొలినాళ్లంటె ఎవలు? పేరు రాయలే. మిల్ట్రీ సీక్రెట్. గా తొలినాళ్లు ఎవలో కాదు, గీ బల్ల మీద కూసున్న."

"కాయితాలు," అన్నది బుచ్చవ్వ.

"గా కాయితాల కాడికే వస్తున్న అక్కా. మొదాలు మొదలుంటది గదా. రాంచందర్, అక్కకు చాయ్ పొయ్యి. మేనకోడలికి గూడ పొయ్యి."

బుచ్చవ్వ వద్దనలే. పక్క సందుల భానుప్రసాద్ నెట్ సెంటరు ఇన్వర్టరు మీద నడుస్తున్నది. ఇంకో గంటన్నర వస్తదన్నడు. పరశురాములును గద్దిస్తే లేచి పోతడు, పోయినోడు మళ్ల రేపే కనపడుతడు. పంటి కింద కోపాన్ని తమలపాకు లెక్క పెట్టుకొని బల్ల కొసకు కూసున్నది.

"నేవీల పైలెట్ అయ్యేటోన్ని ముందుగాల ఇమానం ఎక్కియ్యరు," పరశురాములు మొదలుపెట్టిండు. "నీళ్లల్ల ముంచుతరు. పెద్ద కొలను, దాని మీద హెలికాప్టర్ లెక్క ఒక ఇనుప డబ్బ. అండ్ల కూసోబెట్టి బెల్టు కట్టి, డబ్బను నీళ్లల్లకు ఇడిసి బోర్లిస్తరు. తల కిందికి, కాళ్లు మీదికి. ఏది పైనో ఏది కిందనో తెల్వది. కండ్లకు గంతలు గూడ కడుతరు. గాడికెళ్లి బయటికి రావాలె. గాడ నా డ్యూటీ."

"ఏం డ్యూటీ?" అన్నడు హనుమండ్లు. పక్క ఇంటి సాంచెల పని చేసేటోడు, నోటికి మూత లేనోడు.

"ఒడ్డు మీద. ఒడ్డు మీద నిలవడి చూసుడు."

"గంతేనా?"

ఆ 'గంతేనా' అనకుంటె ఇంత దూరం పోకపోవునేమో. పరశురాములు మొఖం కందగడ్డ లెక్క అయింది.

"గంతేందిర? గా నాడు కురియన్ సాబ్ ఆరుసార్లు మునిగిండు, ఆరుసార్లు గజఈతగాళ్లు గుంజి బయటేసిండ్రు. ఏడోసారి డబ్బ మునిగింది, బుడగలు వచ్చినయి, బుడగలు ఆగినయి. పెద్దసాబ్ నా దిక్కు చూసిండు. 'పరశురాం, ఇక నువ్వే' అన్నడు. లుంగీ ఎగజెక్కి దుంకిన. కింద కురియన్ సాబ్ ఏడుస్తుండు. నీళ్లల్ల ఏడుపు ఎట్ల తెలుస్తదంటవేమో, కొలను నీళ్లు తియ్యగ ఉంటయి, గా జాగల ఉప్పగ తగిలినయి. పక్కన కూసున్న. 'బిడ్డా, ఊపిరి ఆపుడు కాదు, ఊపిరిని మర్చిపోవుడు నేర్చుకో' అన్న. నలభై నిమిషాలు గట్లనే ముచ్చట పెట్టుకుంట కూసున్నం. ఆయనకు చలి పుడితే బీడి ముట్టిచ్చి ఇచ్చిన."

"నీళ్లల్ల బీడి?" అన్నడు రాంచందర్, చాయ్ వడబోసుడు ఆపి.

"మరి? బయట అగ్గిపుల్ల ఎందుకు ఆరుతది? గాలికి. నీళ్లల్ల గాలున్నదా? ఎట్ల ఆరుతది?"

బల్ల మీదున్నోళ్లు ఒకల మొఖం ఒకలు చూసుకున్నరు. ఎక్కడో తప్పున్నది, ఎక్కడున్నదో చెయ్యి పెట్టేసరికి పరశురాములు ముందుకు పోయిండు.

"కాయితాలు పరశురాములూ. నాలుగు గొట్టింది," అన్నది బుచ్చవ్వ.

"కాయితాల కాడికే వస్తున్న. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? మొదటిసారి ఇమానం. నేర్పేటి మాస్టరుకు గా నాడు కడుపు కరాబైంది. వెనుక సీటు ఖాళీ. 'పరశురాం, జర కూసో' అన్నరు. కూసున్న. ముందట కురియన్ సాబ్, వెనుక నేను, కింద సముద్రం. పోంగ పోంగ నడుమ మోటరు బందైంది. ముందట తిరిగే పంక నిలవడ్డది. కురియన్ సాబ్ దేవున్ని తలుస్తుండు. నేను అద్దం పక్కకు జరిపి, రెక్క మీద నడుసుకుంట పోయి, లుంగీ విప్పి పంకకు చుట్టి, బాయి కాడ డీజిల్ ఇంజన్‌ను గుంజినట్టు ఒక్క గుంజు గుంజిన. టపటపమన్నది. నడిసింది."

"లుంగీ విప్పితివి, మరి..." హనుమండ్లు సాగదీసిండు.

"గంత మీద చూసేటోడు ఎవడుంటడురా?"

రాంచందర్ నవ్విండు. వందన నవ్వలే. ఫోన్ల టయం చూసుకుంటున్నది. నాలుగుంపావు. బిడ్డ వేలు ఫోన్ మీద కదిలినప్పుడల్ల బుచ్చవ్వ బల్ల మీద ఇంకింత ముందుకు జరుగుతున్నది.

"మామా," అన్నది వందన, మెల్లగనే. "కాయితాలు బెంగుళూరుల ఉన్నయంటివట. ఎవలకు పంపినవు? కొరియరు చీటీ ఉన్నదా?"

"చీటీ! కురియన్ సాబ్‌కు కొరియరు చేస్తనా? ఎంత మాటంటివి కోడలా. గురువు పంపే కాయితానికి చీటీ ఉంటదా? చెప్తున్న గదా, అసలు పెద్దది ఓడ మీదనే అయింది. ఓడ మీద ఇమానం దింపాలె. భూమి మీద దింపుడు ఎవడైనా చేస్తడు. ఓడ మీద నాలుగు ఇనుప తీగెలు అడ్డంగ కట్టి ఉంటయి. ఇమానం తోకకు కొక్కెం. గా కొక్కెం తీగెను పట్టాలె, పట్టకుంటె సముద్రమే. కురియన్ సాబ్ వచ్చిండు. ఒకటో తీగె పోయింది. రెండోది పోయింది. మూడు. నాలుగు. ఇగ నీళ్లే. గప్పుడు ఏమైందో తెలుసా?"

"నువ్వు పట్టుకున్నవ్," అన్నడు హనుమండ్లు, యాష్టకొచ్చి.

"పట్టుకున్న! కొక్కెం గీ చేత్తోటి పట్టుకొని, గీ కాలు తీగెకు మెలేసిన. ఇమానం ఆగలే. నేను ఇడువలే. మరి ఏం కావాలె? ఓడ నడిసింది. గంత పెద్ద ఓడ, ఇమానం గుంజుతె, సింహళం దాక పోయి ఒడ్డుకు తాకి ఆగింది."

"నువ్వు ఇమానంల వెనుక సీట్ల ఉంటివి గదా, ఓడ మీదికెట్ల వచ్చినవ్?"

"ముందుగాల దుంకిన. గురువు ముందు దిగాలె, శిష్యుడు వెనుక దిగాలె. మర్యాద తెల్వదారా నీకు?"

బుచ్చవ్వ గ్లాసు బల్ల మీద కొట్టినట్టు పెట్టింది. చాయ్ ఒలికింది. "నువ్వు సింహళం పోతె పో, లంకకు నిప్పు పెడితె పెట్టు. నా బిడ్డ కాయితాలు ఏ ఊర్ల ఉన్నయో ఆ ఊరి పేరు చెప్పు. ఒక్క పేరు."

"పెద్ద పేరే చెప్తున్న అక్కా, ఆగు. అంతరిక్షం."

పరశురాములు వేలు పైకప్పు దిక్కు చూపెట్టిండు.

"అందరు అనుకుంటున్నరు, కురియన్ సాబ్ రాకెట్ల మొదటిసారి పోతుండని. ఆయన నేర్చుకునే దినాలల్లనే ఒకసారి పోయొచ్చిండు, నేనే తీస్కపోయిన. 'సాబ్, ముక్కు మీదికి పెట్టు' అన్న. పెట్టిండు. పోతున్నం, పోతున్నం. కింద మానేరు డ్యాం పళ్లెంల పోసిన నీళ్ల లెక్క కనవడ్డది. ఎములాడ గుడి కనవడ్డది, మొక్కుల కోడెలు కనవడ్డయి. నీ సాంచెల చప్పుడు సుత వినవడ్డది అక్కా, మూడో నంబరుది జర లయ తప్పింది, గప్పుడే అనుకున్న. ఇంకా మీదికి పోయేసరికి బరువు పోయింది. ఆకలైతున్నదని టిఫిని మూత తీసిన. నా పెండ్లాం వేలితోటి బొక్కలు పొడిచి కాల్చిన సర్వపిండి పెట్టింది. మూత తీసుడే ఆలస్యం, సర్వపిండి ఒక దిక్కు పోయింది, దాని బొక్కలు ఒక దిక్కు పోయినయి."

ఈసారి హనుమండ్లు గూడ నవ్వు ఆపుకోలేకపోయిండు. ముక్కుల చాయ్ పోయి దగ్గిండు. పరశురాములుకు అదే కావాలె. లేచి నిలవడ్డడు.

"చందమామ పక్కకెళ్లి మర్లేటప్పుడు రెక్క తాకింది. జర గీసుకుపోయింది. పున్నం నాడు చూడుండ్రి, ఎడమ దిక్కు గీత ఉంటది. నేను చెప్పుకోను. చెప్పుకుంటె బాగుండది. మర్లినం గని పెట్రోలు అయిపోయింది. దుంకాలె. పారాచూట్ ఒక్కటే, మనుషులం ఇద్దరం. నేను పట్టుకున్న, కురియన్ సాబ్ నా మెడ పట్టుకున్నడు. మూడు దినాలు దిగినం. గాలి కొచ్చిన్‌కెళ్లి గోదారి మీదికి తెచ్చింది, మంచిర్యాల టేషన్ మీదికెళ్లి తెచ్చింది, పోయి పోయి జైనూర్ గుట్టల మీద దించింది. దిగంగనే సాబ్ నా కాళ్ల మీద పడి, పారాచూట్‌ల సగం కోసి నా చేతుల పెట్టిండు. 'గురువుగారూ, రాకెట్ల నేను పోతున్నగని, నన్ను తయారు చేసింది మీరే. గిది దక్షిణ.' ఇగో!"

మూట చంకలకెళ్లి తీసి అందరి ముందర ఎత్తి చూపిండు. "అమెరికాల నేసిన గుడ్డ. కత్తికి తెగది, అగ్గికి కాలది. గిసోంటిది లోకంల ఇంకోటి లేదు. గీ గుడ్డ చూపెడితె చాలు, కురియన్ సాబ్ నిలవడి సలాం కొడుతడు. కాయితాలెంత, గడువెంత? నేనొక్క ఫోన్ చేస్తె గడువే వెనుకకు నడుస్తది. ఫికర్ చెయ్యకు అక్కా."

నేతపనోళ్లకు ఒక అలవాటుంటది. పెండ్లికి పోయినా, చావుకు పోయినా, పక్కనున్న మనిషి మీది గుడ్డను బొటనవేలు, చూపుడువేలు నడుమ పెట్టి నలిపి చూస్తరు. మర్యాద అనుకోరు, తప్పనుకోరు. చెయ్యి తనంతట తాను పోతది. బుచ్చవ్వ కోపంల ఉన్నది, ఏడుపుల ఉన్నది, అయినా మొఖం ముందరికి వచ్చిన గుడ్డ మీదికి చెయ్యి పోనే పోయింది.

వేళ్లు నలిపినయి. అంచుకెళ్లి లోపటికి జరిగినయి. నాలుగు వేళ్ల దూరంల ఆగినయి.

మళ్ల ఒకసారి జరిపింది. మళ్ల అక్కడ్నే ఆగినయి.

"పరశురాములూ," అన్నది. గొంతు మారింది. అంతసేపు లేనంత నెమ్మది. "జర లేసి నా ఎంట రా."

"ఎటు?"

"ఈడికే. మంటపం కాడికి."

"అక్కా, మూట ఇడువు. మిల్ట్రీ సామాను."

ఇడువలే. మూట కొస ఆమె చేతుల, మూట ఆయన చంకల. ఎడ్లను తోలుకపోయినట్టు తోలుకపోయింది. వెనుక పరదా కాడ నిలవడి, క్యాలెండరు కాయితాన్ని గోటితో లేపి పీకింది. మూరెడు బొక్క. దాని మీద మూట గుడ్డను సాపుగ గుంజి ఆనిచ్చింది. పరదా మీద పైనుంచి వచ్చిన సన్నని గీత, మూట మీదికి దిగి, మళ్ల పరదా మీదికి పోయింది. వెంట్రుకవాసి తేడా లేదు.

"మూడో నంబరు సాంచె," అన్నది బుచ్చవ్వ. "పన్నెల పుల్ల వంగిన దినాలది. సేటు కొనలేదుగని, అమెరికా కొన్నదట. సంతోషం."

"అరె!" హనుమండ్లు బల్ల మీదికెళ్లి లేచిండు. "స్వామి ఎలుకకు కత్తెర పట్టుడు వచ్చురో! కొస చూడుండ్రి, ఎంత సాపుగ కొరికిందో!"

చాయ్ దుకాణం దుకాణం ఇకిలించింది. నవ్వనిది తల్లీబిడ్డలే. బుచ్చవ్వ అప్పటికే ముడి విప్పుతున్నది. పరశురాములు రెండు చేతులు అడ్డం పెట్టిండు. "అక్కా, అక్కా, వద్దు. గది ఒక్కటి వద్దు." ఆ గొంతుల కోతలు లేవు. అందుకే ఇంకా గట్టిగ గుంజింది.

ముడి ఊడింది. ఒక పాత ఫోటో, అంచులు చిరిగిన గుర్తింపు కార్డు, మడతబెట్టిన తెల్ల తువ్వాల. వాటి అడుగున నీలం కవరు.

వందన నేల మీద కూసొని కవరు తెరిచింది. పది. ఇంటర్. ఇంజనీరింగు మెమోలు ఒకటి, రెండు, మూడు... "అన్నీ ఉన్నయవ్వా," అన్నది. అన్నంకనే అప్పటిదాక బిగబట్టిన ఊపిరి ఇడిసింది.

ఇరవై మూడు దినాలు. బెంగుళూరు టేబుల్ మీద ఉన్న కాయితాలు ఇరవై మూడు దినాలు ఎదురింటి చంకల తిరిగినయి. రోజుకు రెండుసార్లు ఆమె గుమ్మం ముందరికెళ్లే తిరిగినయి.

"ఎందుకు పంపలే?" బుచ్చవ్వ అడిగింది.

పరశురాములు బొక్క దిక్కు చూసుకుంట అన్నడు, "ఎవలకు పంపాలె అక్కా? ఆయన నంబరు నా దగ్గర లేదు."

"మరి నన్నెందుకు అడిగినవ్?"

"రాఖీ కడితివి. చేతుల చీరకు పైసలు లేకుండె. నోటికొచ్చింది అన్న. నువ్వు నిజంగ పెట్టె తెరుస్తవనుకోలే. తెచ్చి ఇస్తివి. ఇచ్చినంక లేదంటె మూటల ఉన్నదంత... ఈ నోటిల ఉన్నదంత పోతది గదా అని..."

నవ్వుతున్నోళ్లు ఆగిండ్రు. ఫోటో కింద పడి ఉంటె వందన తీసింది. కొలను ఒడ్డు. వరుసగ తడి బట్టల మీద పిల్ల పైలెట్లు, పళ్లికిలిస్తున్నరు. కొసకు, సగం ఫోటోల సగం బయట, చేతి నిండ తువ్వాలలు పట్టుకొని సన్నటి పరశురాములు. నిలవడి చూస్తున్నడు.

టయం నాలుగు యాభై. పోవాలె. నాలుగు అడుగులేసి వందన వెనుకకు తిరిగింది.

"మామా, ఒక్కటి నిజం చెప్పు. గా డబ్బకెళ్లి ఎట్ల బయటికొస్తరు?"

పరశురాములు తలెత్తిండు. చెయ్యి ఊపుకుంట చెప్పలే, లేసి నిలవడి చెప్పలే.

"డబ్బ మునగకముందే ఒక చెయ్యి కిటికీ అంచు మీద పెట్టాలె బిడ్డా. మునిగినంక కండ్లను నమ్మద్దు, ఏది పైనో తెల్వది. చెయ్యి ఏడున్నదో గాడనే బయటికి తొవ్వ. నీళ్లు ఆగిందాక ఆగాలె. ఆగినంక రెండో చేత్తోటి బెల్టు విప్పాలె. అందరు చేసే తప్పు ఒకటే. భయానికి ముందుగాల బెల్టు విప్పుతరు. విప్పితె నీళ్లు ఎటేస్తె అటు పోతరు, కిటికీ దొరకది. కురియన్ సాబ్ ఆరుసార్లు గదే చేసిండు. ఏడోసారి అంచు ఇడువలే. బయటికొచ్చి తువ్వాల తీసుకుంట, నీ పేరేందని అడిగిండు. గంతే. రాకెట్ల పోయి మళ్ల సముద్రంల పడ్డనాడు గూడ ఆయన చెయ్యాల్సింది గదే. అంచు పట్టుకొని ఆగుడు."

వందన తల ఊపింది. కవరు ఛాతికి ఆనిచ్చుకొని సందులకు ఉరికింది. ఆమె మలుపు తిరుగుతుండంగనే కరెంటు వచ్చింది. వాడకట్టు పొడుగునా సాంచెలు ఒక్కొక్కటే అందుకున్నయి. మొగోళ్లు గ్లాసులు పెట్టి పరుగెత్తిండ్రు. హనుమండ్లు పోయెటోడు పోక "ఎలుకా, వస్త" అని దండం పెట్టి పోయిండు.

బుచ్చవ్వ పోలే. గుడ్డముక్కను పరశురాములు చేతుల పెట్టింది.

"ఇరవై రెండేండ్లు తువ్వాల అందిచ్చినవ్. అది తప్పు పనా, దొంగ పనా? చలికి వణికే పిల్లలకు పొడిగుడ్డ ఇచ్చినోనివి. గుడ్డ నేసేదాన్ని, నాకు చెప్పుకుంటె నేను నవ్వుతునా? గది ఇడిసిపెట్టి చందమామను గీకుతివి. నీ కోతలకు నా బిడ్డ బతుకు నూలు పోగు లెక్క తెగిపోవు. తెగకపోవుడు నీ మంచితనం కాదు, నా వేళ్ల పుణ్యం." ఆయన మణికట్టు మీద రంగు పోయిన రాఖీ ఇంకా ఉన్నది. దాని దిక్కు చూసింది, ముట్టలే. "వచ్చేడు కడుతనో లేదో చెప్పను. నిమజ్జనం లోపట గీ ముక్క తెచ్చి దేవుని పరదాకు కుట్టియ్యి. నీ చేత్తోటి. ఎలుక మీద నెట్టినవ్, నోరులేని దాని మీద. సిగ్గుండాలె."

పరశురాములు గుడ్డ మడతబెట్టిండు. ఇరవై రెండేండ్లు తువ్వాలలు మడతబెట్టిన చెయ్యి, మూలకు మూల కలిపింది.

వందన తిరిగొచ్చేసరికి ఆయన రాంచందర్ దగ్గర సూది దారం అడిగి, పరదా కాడ కూసొని కుడుతున్నడు. పిల్ల చేతుల భానుప్రసాద్ అచ్చుకొట్టిచ్చిన కాయితం. దాన్ని చూసుడే ఆలస్యం, సూది ఆగింది, మెడ సాగింది.

"చూసినవా రాంచందర్? ఆరింటి గడువుకు పదునాలుగు నిమిషాలు మిగిలిచ్చి కొట్టింది నా కోడలు. ఎట్లా? కాయితాలకు మడత లేదు, మరక లేదు, చెదలు లేదు. ఎందుకు లేదు? ఇరవై మూడు దినాలు నేను చంకల పెట్టుకొని..."

"కుట్టు," అన్నది బుచ్చవ్వ.

కుట్టిండు. ఆమె బిడ్డ చేతిలకెళ్లి కాయితం తీసుకొని, అంకెల మీద వేలు పెట్టి, పరశురాములుకు వినపడేటట్టు, సాంచెల చప్పుడు మీదికెళ్లి గట్టిగ చదివింది.

దరఖాస్తు అందిన తేదీ 2025 సెప్టెంబర్ 1, సోమవారం, సాయంత్రం 5 గంటల 46 నిమిషాలు.